మంచు గడ్డకట్టే చలికాలంలో కోళ్ల గూడు: రెట్ట, లిట్టర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి కొలతలన్నీ ఒక మామూలు పెరటి గూటికి సరిపోయేవి: ఆరు పెట్టలు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న చెక్క షెడ్డు, చెక్క నేల. ఊరు అమెరికా ఉత్తరాన మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్‌లలోనో, కెనడాలోని అంటారియోలోనో ఉందనుకోండి. జనవరి రాత్రి మైనస్ 20 సెల్సియస్, అంటే ఫారెన్‌హీట్‌లో మైనస్ 4, అక్కడ వింతేమీ కాదు. కోళ్లు ఎక్కువుంటే లెక్క ఆ మేరకు పెంచుకోండి.

ఆరు కోళ్లే కదా, ఎంత రెట్ట వేస్తాయి?

అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 120 గ్రాముల పచ్చి రెట్ట వేస్తుంది. ఆరింటికి 720 గ్రాములు. నవంబరు నుంచి మార్చి దాకా 150 రోజులకు 108 కిలోలు. అందులో ముప్పాతిక వంతు నీళ్లే, అంటే 80 కిలోలు. దీనికి తోడు కోళ్లు ఊపిరి వదిలినప్పుడు వచ్చే ఆవిరి. ఎండాకాలంలో తలుపులు బార్లా తెరిచి ఉంటాయి కాబట్టి ఈ నీళ్లు ఎటుపోయాయో ఎవరూ పట్టించుకోరు. చలికాలంలో గూడు మూసేసరికి ఇవన్నీ లిట్టర్‌లో (గూటి నేల మీద పరిచే పొట్టు, గడ్డి లాంటి వాటిలో), గోడల మీద, కోళ్ల తురాయిల మీద తేలతాయి. చలికాలపు గూటి పని అంటే ఈ నీళ్లను బయటికి పంపే పనే. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోంచి వచ్చినవే.

ఇంకో మాట. కోడి వేసే రెట్టలో దాదాపు సగం రాత్రిపూట, కర్ర మీద కూర్చుని నిద్రపోతూ వేసేదే. అంటే సగం రెట్ట ఒకే చోట, ఒకే గీత వెంట పడుతుంది. దాన్ని అక్కడే పట్టుకుంటే మీ చాకిరీ సగానికి తగ్గుతుంది.

రెట్ట పలక ఎలా అమర్చాలి?

కోళ్లు పడుకునే కర్రకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కింద, రెండడుగుల వెడల్పున్న ప్లైవుడ్ పలక. కర్ర పలక మధ్య గీత మీదికి కాకుండా కాస్త గోడ వైపుకి జరిగి ఉండాలనుకుంటారు చాలామంది. అలా చేస్తే వెనక్కి పడే రెట్ట గోడకు అంటుకుంటుంది. గోడ నుంచి కర్రకు కనీసం 12 అంగుళాలు వదలండి. పలక ముందు అంచుకు అంగుళం ఎత్తు పట్టీ కొట్టకండి. గీకేటప్పుడు అదే అడ్డం వస్తుంది.

ప్లైవుడ్‌ని వట్టిగా వదిలేస్తే రెట్టలోని తడి చెక్కలోకి ఇంకి, గడ్డకట్టి, చెక్కతో కలిసి ఊడొస్తుంది. పైన వినైల్ ఫ్లోరింగ్ ముక్క పరిచి, అంచులు కిందికి మడిచి స్టేపుల్ చేయండి. మిగులు ముక్కలు హార్డ్‌వేర్ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి. గీకడానికి గోడలకు పుట్టీ పెట్టే ఆరంగుళాల బ్లేడు చాలు. ఉదయం బకెట్ కింద పెట్టుకుని బ్లేడు ఒక కొస నుంచి తోసుకుంటూ పోతే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆరు కోళ్లకు రోజూ వచ్చేది దాదాపు 350 గ్రాములు.

కర్ర గురించి: టూ బై ఫోర్ చెక్కను (సుమారు రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు) వెడల్పు వైపు పైకి ఉండేలా వేయండి. అప్పుడు కోడి వేళ్లు చెక్క చుట్టూ ముడుచుకోకుండా పరుచుకుంటాయి, పొట్ట ఈకలు వాటిని కప్పేస్తాయి. సన్నటి గుండ్రటి కర్ర మీద వేళ్ల కొసలు బయటికి పొడుచుకుని ఉండి చలికి దెబ్బతింటాయి. కోడికి 8 నుంచి 10 అంగుళాల కర్ర ఉండాలి.

పలక మీద రెట్ట రాయిలా గడ్డకట్టింది, ఊడట్లేదు. వేడినీళ్లు పోయొచ్చా?

వద్దు. కరిగిన నీళ్లు పలక అంచు నుంచి లిట్టర్‌లోకి జారతాయి, మిగిలినవి అరగంటలో మంచుపొరై ఇంకా గట్టిగా పట్టేస్తాయి.

నాలుగైదు రోజులు గీకకపోతే ప్రతి కోడి కిందా ఒక కుప్ప లేస్తుంది. గడ్డకట్టిన రెట్ట మీద మళ్లీ రెట్ట పడి, గుళ్లో కరిగిన కొవ్వొత్తి మైనంలా పొరలు పొరలుగా పైకి పెరుగుతుంది. దాని పక్క నుంచి రబ్బరు సుత్తితో ఒక్కటి కొట్టండి. పలక మీద వినైల్ ఉంటే మొత్తం ఒకే ముద్దగా ఊడి పక్కకు జారుతుంది. పైనుంచి కొడితే పగలదు, పక్క నుంచే కొట్టాలి. ప్లైవుడ్ వట్టిగా ఉంటే ఇనుప పార తప్పదు.

దీనికి ముందు జాగ్రత్త ఒకటుంది. పలక మీద అర అంగుళం జియోలైట్ (అమ్మోనియాను పట్టి ఉంచే ఖనిజం) గుళికలు, లేదంటే పైన్ షేవింగ్స్ (పైన్ చెక్క పొట్టు) పలచగా చల్లి ఉంచండి. రెట్ట వాటిలో దొర్లి పైపొర పొడిబారుతుంది, కిందికి అంటుకోదు. మైనస్ 15 కింద పొడి చలి ఉన్న రోజుల్లో నిజానికి పని ఇంకా తేలిక, రెట్ట గులకరాళ్లలా ఎత్తిపోయొచ్చు. ఇబ్బంది పెట్టేది సున్నాకు అటూ ఇటూ ఊగే రోజులే.

లిట్టర్‌గా ఏది వాడాలి?

చలికాలానికి పైన్ షేవింగ్స్‌ని మించింది లేదు. వడ్రంగి చిత్రిక పడితే వచ్చే పొట్టు లాంటిదే ఇది. తడిని పీల్చుకుంటుంది, త్వరగా అట్ట కట్టదు, కోళ్లు కాళ్లతో సులువుగా చిమ్ముతాయి. నొక్కి కట్టిన మూట విప్పితే 8 ఘనపుటడుగులు అవుతుంది. 32 చదరపుటడుగుల నేలకు ఒక మూట మూడు అంగుళాల మందం ఇస్తుంది. మొదటి పరుపు ఆరంగుళాలు ఉండాలి కాబట్టి అక్టోబరులో రెండు మూటలు, ఆ తర్వాత చలికాలం పొడుగునా పైన వేయడానికి ఇంకో రెండు మూడు. మొదటి మంచు తుపానుకు ముందే కొని పెట్టుకోండి.

రంపపు పొట్టు మరీ మెత్తన, దుమ్ము లేస్తుంది, కోళ్లు గింజలనుకుని తింటాయి కూడా. సీడార్ పొట్టు ఘాటైన నూనెల వాసన వేస్తుంది, మూసిన గూట్లో వాటి ఊపిరికి మంచిది కాదు. గోధుమ గడ్డి బోలు గొట్టం కాబట్టి వెచ్చగా ఉంటుందన్న మాట నిజమే, కానీ పొడుగు పోచలు ఒకదాని మీద ఒకటి పడి చాపలా అల్లుకుపోతాయి. దాని కింద తడి దాక్కుంటుంది. గడ్డే వాడాలనుకుంటే మూడు నాలుగంగుళాల ముక్కలుగా నరికినది తీసుకోండి. పశువుల మేతకు ఎండబెట్టిన పచ్చగడ్డి మాత్రం అసలు వద్దు: తడి తగలగానే బూజు పడుతుంది, ఆ బూజు విత్తులు కోడి ఊపిరితిత్తుల్లో చేరితే మందు లేదు.

రాలిన మేపుల్, ఓక్ ఆకులు ఊరికే దొరుకుతాయి. బాగా ఎండాక లాన్ మోవర్‌తో ఒకసారి తొక్కించి సంచుల్లో దాచుకుంటే మంచి లిట్టరే. తొక్కించకుండా వేస్తే గడ్డిలాగే చాప కడతాయి.

ఇసుక? టెక్సస్‌లో, జార్జియాలో బ్రహ్మాండం. ఇక్కడ జనవరిలో తడి ఇసుక కాంక్రీటు పలకైపోతుంది.

మన వైపు ఫారాల్లో వరి ఊకే కదా వేస్తారు. ఇక్కడ దొరికితే వేయొచ్చా?

ఆంధ్ర, తెలంగాణ ఫారాల్లో ఊక బాగా పనిచేయడానికి కారణం ఊక ఒక్కటే కాదు. అక్కడ షెడ్డు పక్కలు సగం దాకా జాలీ, ఎప్పుడూ గాలి ఆడుతుంది, బయట ఎండ ఉంటుంది. ఊక తడిని పెద్దగా పీల్చుకోదు. దాని గొప్పతనం గింజ గింజకూ మధ్య గాలి ఆడనిచ్చి త్వరగా ఆరనివ్వడంలో ఉంది. ఎండా గాలీ రెండూ లేని మిన్నెసోటా జనవరిలో అది ఆరదు. షేవింగ్స్‌తో సగానికి సగం కలిపి వాడితే ఫర్వాలేదు. అట్ట కట్టకుండా గుల్లగా ఉంచుతుంది.

డీప్ లిట్టర్ అంటే శుభ్రం చేయకుండా వదిలేయడమేనా?

అలా అనుకునేవాళ్ల గూళ్లు చాలావరకు ఫిబ్రవరికి కంపు కొడతాయి. డీప్ లిట్టర్‌లో రెట్టను ఎత్తిపోయం గానీ మిగతా పని ఉంటుంది.

అక్టోబరులో నేలంతా ఆరబెట్టి ఆరంగుళాల షేవింగ్స్ వేస్తాం. వారానికి ఒకటి రెండుసార్లు తోట ఫోర్కుతో అడుగు దాకా తిరగేస్తాం. వారానికి ఒకసారి పైన ఒక ఐదు గాలన్ల బకెట్టెడు కొత్త పొట్టు చల్లుతాం, రెట్ట పలక గీకుతుంటే అర బకెట్ చాలు. మార్చి నాటికి మందం పది పన్నెండంగుళాలకు చేరుతుంది. కాబట్టి గుమ్మానికి అడ్డంగా అడుగు ఎత్తు చెక్క ఒకటి బిగించాలి, లేదంటే తలుపు తీసిన ప్రతిసారీ లిట్టర్ మీ బూట్ల మీదికి దొర్లుతుంది.

తిరగేసే పనిలో ముప్పాతిక వంతు కోళ్ల చేతే చేయించొచ్చు. మధ్యాహ్నం రెండు గుప్పెళ్ల మొక్కజొన్న నూకో, గోధుమలో లిట్టర్ మీద విసిరితే గంటసేపు కాళ్లతో చిమ్ముతూ ఉంటాయి. గింజలు ఎప్పుడూ ఒకేచోట కాకుండా మూలల్లోకి కూడా విసరండి. మూలలే ముందు అట్ట కడతాయి.

ఇలా ఎందుకు పనిచేస్తుందంటే, రెట్టలో నత్రజని ఎక్కువ, చెక్క పొట్టులో కర్బనం ఎక్కువ. రెట్టలో ఒక వంతు నత్రజనికి పది వంతుల లోపు కర్బనం ఉంటే, చెక్క పొట్టులో నాలుగైదు వందల వంతులు ఉంటుంది. రెండూ కలిసి, కాస్త తడి, కాస్త గాలి ఉంటే సూక్ష్మజీవులు నత్రజనిని తినేసి తమ ఒంట్లో దాచుకుంటాయి. ఆ కలయిక చెడినప్పుడు అదే నత్రజని అమ్మోనియాగా గాల్లోకి లేస్తుంది.

డీప్ లిట్టర్ కుళ్లుతూ వేడి పుట్టించి గూటిని వెచ్చగా ఉంచుతుందంటారు. నిజమేనా?

ఇక్కడి చలిలో, చెక్క నేల మీద, కాదు. కంపోస్టు వేడెక్కాలంటే కనీసం మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న కుప్ప కావాలి, సగం దాకా తడి ఉండాలి. గూట్లో మనకు కావలసింది 20 నుంచి 30 శాతం తడి మాత్రమే. వేడి పుట్టేంత తడి ఉంచితే కోళ్లకు ముప్పు. సున్నాకు నాలుగైదు డిగ్రీల పైన కూడా సూక్ష్మజీవులు మందగిస్తాయి, గడ్డకట్టాక పడుకుంటాయి. మట్టి నేల ఉన్న గూళ్లలో కింది నుంచి వచ్చే భూమి వెచ్చదనం వల్ల కొంచెం నయం. మొత్తమ్మీద లిట్టర్ చేసే మేలు దుప్పటి చేసేలాంటిది: నేల చల్లదనం కోడి కాళ్లకు తగలకుండా అడ్డుపడుతుంది. దాన్ని పొయ్యి అనుకోవద్దు.

లిట్టర్‌లో తడి సరిగ్గా ఉందో లేదో ఎలా చూడాలి?

గ్లవ్స్ వేసుకుని మూడు నాలుగంగుళాల లోతు నుంచి గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. చెయ్యి తెరవగానే లడ్డూలా నిలబడితే తడి ఎక్కువైంది. కాస్త కలిసినట్టు కనిపించి, వేలితో తాకితే విడిపోతే సరిగ్గా ఉంది. అస్సలు కలవకుండా పొడిపొడిగా జారిపోయి దుమ్ము లేస్తే మరీ ఎండింది. దుమ్ము కూడా ఊపిరికి చేటే, కానీ చలికాలంలో ఈ బాధ అరుదు.

గడ్డకట్టిన లిట్టర్‌కు ఈ పరీక్ష పనికిరాదు. గుప్పెడు జిప్‌లాక్ సంచిలో వేసి ఇంట్లోకి తెచ్చి గంట ఆగి చూడండి. బయట పొడిగా గలగలలాడిన లిట్టర్ లోపల కరిగి సంచి గోడలకు నీటి చుక్కలు పడితే, మంచు కరిగే రోజున గూట్లో ఏం జరగబోతోందో మీకు ముందే తెలిసినట్టు.

గూడు వాసన రావట్లేదు. అయితే అమ్మోనియా లేనట్టేనా?

రోజూ వెళ్లే మనిషి ముక్కు అలవాటు పడిపోతుంది. అదీకాక మీ ముక్కు ఐదడుగుల ఎత్తున ఉంది, కోడి ముక్కు అడుగు ఎత్తున. ఉదయం తలుపు తీసిన వెంటనే, గాలి మారకముందే, లిట్టర్‌కు అడుగు పైన ముఖం పెట్టి ఊపిరి పీల్చండి. కళ్లు చురుక్కుమన్నా, గొంతులో గరగర అనిపించినా హద్దు దాటిందని లెక్క. కోళ్లకు 25 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 25 వంతులు) దాటకూడదంటారు. ఎక్కువసేపు అంతకు పైన ఉంటే కళ్లు వాచి నీరు కారతాయి, శ్వాసనాళంలో దుమ్మును బయటికి తోసే సన్నటి నూగు దెబ్బతిని జబ్బులకు దారి తెరుచుకుంటుంది.

వాసన వస్తే ఆ రోజే చేయాల్సినవి: అట్ట కట్టిన భాగం పలుగుతో లేపి బయట పారేయడం, అక్కడ రెండింతలు పొడి పొట్టు వేయడం, పై కిటికీలు పూర్తిగా తెరవడం. అత్తరు చల్లినట్టు వాసన కప్పేసే పొడులు చల్లి ఊరుకోవడం కోడి ఊపిరితిత్తులకు చేసే మోసం.

మన ఊళ్లో తడి లిట్టర్ మీద సున్నం చల్లుతారు. ఇక్కడా చల్లొచ్చా?

మూసిన గూట్లో వద్దు. సున్నం తడిని లాగుతుందన్నది నిజమే, కానీ లిట్టర్‌ను క్షారంగా మారుస్తుంది. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటి పైకి పోయేకొద్దీ లిట్టర్‌లో కరిగి ఉన్న నత్రజని అమ్మోనియా వాయువుగా మారి లేచిపోతుంది. పక్కలు తెరిచిన మన షెడ్లలో ఆ వాయువు గాలికి కొట్టుకుపోతుంది, లిట్టర్ ఆరుతుంది, రైతుకు లాభమే. ఇక్కడ అది గూట్లోనే, కోళ్ల ముక్కు దగ్గరే తిరుగుతుంది. పైగా గోడలకు వేసే తడిసున్నం రకం కాళ్లనూ కళ్లనూ కాలుస్తుంది.

కట్టెల బూడిదా అంతే, అదీ క్షారమే. దాన్ని లిట్టర్‌లో కాక మట్టి స్నానపు తొట్టిలో, మూడొంతుల పొడి మట్టికి ఒక వంతు కలిపి వాడండి. పొయ్యిలోంచి తీసిన బూడిద మూత ఉన్న ఇనుప బకెట్లో వారం ఆగాకే గూటి దగ్గరికి తేవాలి. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పురవ్వ రోజుల తరబడి బతికి ఉంటుంది.

అమ్మోనియాను పట్టడానికి కావలసింది ఆమ్ల గుణం ఉన్నది. పెద్ద ఫారాల్లో సోడియం బైసల్ఫేట్, అల్యూమినియం సల్ఫేట్ వాడతారు. మోతాదు 100 చదరపుటడుగులకు 5 నుంచి 10 పౌండ్లు. మన గూటికి రెండు మూడు పౌండ్లు. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, కోళ్లు బయట ఉన్నప్పుడు చల్లి లిట్టర్‌లో కలపాలి. రెండు మూడు వారాలకు ప్రభావం పోతుంది. ఆరు కోళ్లకు ఇంత అవసరం రాకూడదు, వచ్చిందంటే గాలి మార్గాల్లో తప్పుందని. గుర్రపుశాలల కోసం అమ్మే జియోలైట్ పలక మీద వాడటానికి మంచిది, అమ్మోనియాను తనలో పట్టి ఉంచుతుంది.

ఇంత చలిలో కిటికీలు తెరిస్తే కోళ్లు చచ్చిపోవా?

ఈ భయమే చలికాలంలో కోళ్లకు ఎక్కువ చేటు చేస్తుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్. ఈకలు పొడిగా ఉబ్బి ఉంటే మైనస్ 20 రాత్రిని వయాండాట్, షాంటెక్లేర్, బకై లాంటి జాతులు దాటేస్తాయి. తడి గాలిలో మైనస్ 8కే తురాయి కొసలు నల్లబడతాయి. పొడుగు తురాయి ఉన్న లెగ్‌హార్న్ పుంజుకు ఈ ముప్పు ఎక్కువ. అసీల్‌కు తురాయి చిన్నదైనా ఈకలు పలచన కాబట్టి దానికి చలే కష్టం.

గాలి రెండు రకాలు. కోడి తల పైనుంచి వెళ్లేది మేలు, ఒంటికి తగిలేది చేటు. పది చదరపుటడుగుల నేలకు ఒక చదరపుటడుగు గాలి మార్గం ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మన 32 అడుగుల గూటికి మూడుకు కాస్త పైన. రెండు పొడుగు గోడల మీద, చూరు కిందుగా, నాలుగడుగుల పొడవు, ఐదంగుళాల ఎత్తు చీలిక ఒక్కొక్కటి పెడితే సరిపోతుంది. అర అంగుళం కళ్ల ఇనుప మెష్ కొట్టండి, కోళ్ల జాలీ గుండా వీజిల్ (ముంగిస లాంటి సన్నటి వేటజంతువు) దూరుతుంది. కర్ర కంటే కింద ఉన్న కిటికీలు చలికాలం అంతా మూయండి. తుపాను రోజున గాలి కొట్టే వైపు చీలిక మాత్రమే మూసి, రెండోది తెరిచే ఉంచండి.

సరిచూడటానికి: పగలు కోళ్లు బయట ఉన్నప్పుడు కర్ర ఎత్తులో ఒక అగరబత్తి చేత్తో పట్టుకుని నిలబడండి. పొగ నిటారుగా లేచి పైకప్పు దగ్గర పక్కకు మళ్లితే బాగుంది. కర్ర దగ్గరే పొగ అడ్డంగా కొట్టుకుపోతే అక్కడ సందు ఏదో ఉంది, వెతికి మూయండి. లోపల పొడి పొట్టు ఉంది కాబట్టి బత్తిని ఆర్పి బయటికి తెచ్చేదాకా చేతిలోంచి వదలొద్దు.

దీనికంటే నమ్మకమైన సాక్షి ఒకటి మీ పైకప్పులో ఉంది. షింగిల్స్ (కప్పు మీది పెంకుల్లాంటి పలకలు) కొట్టిన మేకుల మొనలు లోపలికి పొడుచుకుని ఉంటాయి. చలి ఉదయాన టార్చి వేసి చూడండి. మొనలు ఉత్తి ఇనుములా కనిపిస్తే గాలి సరిపోతోంది. ఒక్కో మొనకూ ఆవగింజంత తెల్లటి మంచు పట్టి ఉంటే కోళ్ల ఊపిరి బయటికి పోవట్లేదు. ఎండ వచ్చాక అవన్నీ ఒక్కొక్క చుక్కగా లిట్టర్ మీదే పడతాయి; లిట్టర్ మీద వరసగా తడి మచ్చలు కనిపిస్తే అవి ఎక్కడివో అర్థం కాక చాలామంది పైకప్పు కారుతోందని తారు పూస్తారు.

నీళ్ల తొట్టి గూట్లో ఉంచొచ్చా?

వీలైతే బయట, పైకప్పు ఉన్న జాలీ ఆవరణలో పెట్టండి. రాత్రి కోళ్లు నీళ్లు తాగవు, లోపల అవసరం లేదు. గూట్లోనే పెట్టాల్సి వస్తే వేడెక్కే అడుగున్న తొట్టిని లిట్టర్ మీద కాక, ఇటుకల మీద ఒక పళ్లెంలో కోడి వీపు ఎత్తుకు లేపి పెట్టండి. అడ్డంగా బిగించే నిపుల్ (కోడి పొడిస్తే నీళ్లు వచ్చే చిన్న గొట్టం) ఉన్న బకెట్ ఇంకా మేలు: ఒలకదు, అందులో గడ్డి పడదు. వేడి తొట్టి వైరును కోళ్లు పొడవకుండా గొట్టంలోంచి తీయాలి.

హీట్ ల్యాంప్ పెడితే లిట్టర్ కూడా ఆరుతుంది కదా?

పెట్టకండి. 250 వాట్ల ఎర్ర బల్బు, దాని కింద పన్నెండంగుళాల పొడి చెక్క పొట్టు, మధ్యలో ఎగిరే కోళ్లు. అమెరికాలో ప్రతి చలికాలం గూళ్లు తగలబడటానికి ఇదొక ముఖ్య కారణం. జబ్బుపడ్డ కోడికి వెచ్చదనం కావాలంటే గోడకు బిగించే తక్కువ వాట్ల రేడియంట్ ప్యానెల్ (మెల్లగా వేడినిచ్చే పలక) వాడండి.

చలికాలమంతా బాగుంది, ఫిబ్రవరి చివర ఒక్కసారిగా కంపు మొదలైంది. ఏమైంది?

మూడు నెలలు గడ్డకట్టి పడున్న రెట్ట ఒక్క వారంలో కరిగింది. గడ్డకట్టినంత కాలం అందులో ఏ సూక్ష్మజీవీ పనిచేయలేదు, వాసనా రాలేదు, అందువల్ల అంతా బాగుందనిపించింది. కరగగానే మూడు నెలల యూరిక్ ఆమ్లం అంతా ఒకేసారి అమ్మోనియాగా మారడం మొదలవుతుంది.

వాతావరణ సూచనలో పగటి వేడి వరసగా మూడు రోజులు 40 ఫారెన్‌హీట్ దాటుతుందని కనిపిస్తే, ఆ ముందు రోజే కదలండి. ఇంకా గడ్డకట్టి ఉండగానే కర్రల కింద, గుమ్మం దగ్గర, నీళ్ల చుట్టూ ఉన్న పెళ్లలను పారతో లేపి బయటికి మోయండి. గట్టిగా ఉన్నప్పుడు అవి ఇటుకల్లా చేతికొస్తాయి, కరిగాక బురద. ఖాళీ అయిన చోట ఒక మూట పొట్టు. మొత్తం లిట్టర్ మాత్రం తీసేయకండి, రాత్రులు ఇంకా చలే.

గుడ్లు పెట్టే పెట్టెలు?

మూడంగుళాల షేవింగ్స్, మురికైన గుప్పెడును అప్పటికప్పుడు తీసేయడం, అంతే. కోళ్లు పెట్టెల్లో పడుకుంటున్నాయంటే కర్ర పెట్టెల కంటే కిందుందని అర్థం. కర్రను పైకి లేపండి. గుడ్డు మైనస్ 2 దగ్గర గడ్డకట్టి పెంకు చీలుతుంది, కాబట్టి రోజుకు రెండు మూడుసార్లు ఏరాలి. చీలిన గుడ్డు కోళ్లకు దొరికితే గుడ్లు తినే అలవాటు పడుతుంది.

బయటి జాలీ ఆవరణ అంతా మంచు. కోళ్లు గూట్లోంచి దిగట్లేదు.

దిగకపోతే పగటి రెట్ట కూడా లోపలే పడుతుంది, పై లెక్కలన్నీ తారుమారవుతాయి. ఆవరణ మూడు పక్కలా పారదర్శక ప్లాస్టిక్ షీటు కట్టి, పైన కప్పు వేసి, నేల మీద ఆరంగుళాల ముతక చెట్టు ముక్కలు పరవండి. మీ కౌంటీలో చెట్లు కొట్టేవాళ్లు ఊరికే ఇస్తారు. కప్పు లేకపోతే మంచు తవ్వి, తోవ మీద గడ్డి చల్లితే దాని మీద నడిచి వస్తాయి. వట్టి మంచు మీద కాలు పెట్టవు.

రెట్ట ఎత్తేటప్పుడు మనకేమైనా ప్రమాదమా?

గూటికి వేరే బూట్లు, అవి ఇంట్లోకి రాకూడదు. పని కాగానే సబ్బుతో చేతులు, సాల్మొనెల్లా భయం అందరికీ ఉన్నదే. ఎండిన లిట్టర్‌ను తిరగేసేటప్పుడు, ముఖ్యంగా వసంతంలో మొత్తం ఖాళీ చేసేటప్పుడు, ఎన్95 మాస్కు వేసుకోండి. ఒహాయో, మిసిసిపీ నదుల లోయల్లో పక్షి రెట్టలు కలిసిన మట్టిలో హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం ఉంటుంది, దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 2022 నుంచి అమెరికాలో హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ అడవి బాతుల వల్ల పాకుతోంది. చెరువు గట్టు మీద నడిచిన బూట్లతో గూట్లోకి వెళ్లొద్దు.

నేలంతా గడ్డకట్టి ఉంది. గీకిన రెట్ట ఎక్కడ వేయాలి?

తోట మీద చల్లకండి. గడ్డకట్టిన నేల ఏమీ పీల్చుకోదు, మంచు కరగగానే రెట్టంతా మురుగు కాలువల్లోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి పోతుంది. వెర్మాంట్‌లో పొలాల మీద డిసెంబరు 15 నుంచి ఏప్రిల్ 1 దాకా పశువుల ఎరువు చల్లడమే నిషేధం.

మంచు పడకముందే పెరట్లో మూడడుగుల వ్యాసంతో వైరు మెష్ గుండ్రంగా చుట్టి పెంటకుప్పకు చోటు కట్టుకోండి. పక్కన నాలుగైదు సంచుల ఎండాకులు. ఒక బకెట్ రెట్ట వేసినప్పుడల్లా పైన రెండు మూడు బకెట్ల ఆకులు. చలికాలమంతా అది కుళ్లదు, ఊరికే పొరలుగా నిలవ ఉంటుంది. ఏప్రిల్‌లో కరిగాక ఒకసారి తిరగేస్తే నాలుగు రోజుల్లో పొగలు కక్కుతుంది.

దూరం నడవలేని రోజుల కోసం గుమ్మం దగ్గర మూత ఉన్న ఐదు గాలన్ల బకెట్. అడుగున రెండంగుళాల ఎండాకులు వేయండి, లేకపోతే రెట్ట బకెట్‌తో కలిసి ఒకే గడ్డై ఏప్రిల్ దాకా బయటికి రాదు.

వసంతంలో ఈ లిట్టర్‌ను నేరుగా గోంగూర మళ్లలో వేయొచ్చా?

వద్దు. అమెరికా సేంద్రియ సాగు నియమం ప్రకారం పచ్చి ఎరువు వేశాక, మట్టికి తగిలే పంటను కోయడానికి 120 రోజులు, తగలనిదానికి 90 రోజులు ఆగాలి. ఏప్రిల్ 15న వేస్తే 120 రోజులు ఆగస్టు 13కి పూర్తవుతాయి. మిన్నెసోటాలో జూన్‌లో నాటిన గోంగూర జులైలోనే కోతకొస్తుంది, కొత్తిమీర, మెంతికూర ఇంకా ముందే. పైగా పచ్చి కోడి రెట్ట లేత మొలకల వేళ్లను మాడ్చేస్తుంది.

రెండు దార్లున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో గూడు ఖాళీ చేసిన లిట్టర్‌ను కుప్ప పోసి, పిండితే ఒక్క చుక్క రాలేంత తడిపి, లోపలి వేడి 131 ఫారెన్‌హీట్, అంటే 55 సెల్సియస్, పైన 15 రోజులు నిలిచేలా, ఆ మధ్య ఐదుసార్లు తిరగేయడం ఒకటి. పొడుగు కాడ ఉన్న కంపోస్టు థర్మామీటరు కొనకుండా ఇది చేయలేరు. చెక్క పొట్టు నెమ్మదిగా కుళ్లుతుంది కాబట్టి, వేడి తగ్గాక కూడా మూడు నాలుగు నెలలు వదిలేయాలి. రెండోది తేలిక: కుప్పను వేసవంతా అలాగే ఉంచి, అక్టోబరులో టమాటాలు, బెండ పీకేసిన ఖాళీ మళ్లలో రెండంగుళాల మందం పరచడం. నేల గడ్డకట్టకముందే మట్టిలో కలిపేయండి. గూడు ఖాళీ చేసేటప్పుడు అడుగున రెండంగుళాల పాత లిట్టర్ మాత్రం వదిలేయండి, అందులోని సూక్ష్మజీవులు మళ్లీ అక్టోబరులో వేసే కొత్త పొట్టుకు తోడు పెరుగులా పనికొస్తాయి.